పింగ్ వస్తోంది, ఆఫీసు పోర్టల్ మాత్రం తెరుచుకోవట్లేదు. సాయం కావాలి

పడమటిగాలి:
పొద్దున్నుంచి ఇదే తలనొప్పి. నెట్ ఉంది, పింగ్ వస్తోంది, గూగుల్ వస్తోంది. ఆఫీసు పోర్టల్ మాత్రం సగం వచ్చి గిర్రున తిరుగుతూనే ఉంటుంది. రూటర్ ఆపి వేశాను, డీఎన్‌ఎస్ మార్చాను. ఫోన్ హాట్‌స్పాట్ మీద శుభ్రంగా వస్తోంది! కస్టమర్ కేర్ వాళ్లేమో "మా వైపు అంతా బాగానే ఉందండీ" అంటున్నారు. ఎవరైనా చెప్పండి, ప్లీజ్.

నల్లతెర:
విండోసా, లైనక్సా? వైఫైనా, కేబులా? వీపీఎన్ ఉందా? ఐపీకాన్ఫిగ్ /ఆల్ కమాండ్ కొడితే వచ్చిన వివరాలేవీ?

రెండోషిఫ్ట్:
ఐపీవీ6 (కొత్త రకం నెట్ అడ్రస్ పద్ధతి) ఆపేయండి. సగం రోగాలు దానివల్లే.

పడమటిగాలి:
విండోస్ 11, వైఫై. వీపీఎన్ ఎలాగూ ఉంటుంది కదండీ, వైర్‌గార్డ్. స్క్రీన్‌షాట్ పెడుతున్నా.

నల్లతెర:
స్క్రీన్‌షాట్ వద్దు. కమాండ్ చివర > నెట్.టీఎక్స్‌టీ అని తగిలించండి, అంతా ఫైల్లో పడుతుంది. మ్యాక్ అడ్రస్, పబ్లిక్ ఐపీ చెరిపి పెట్టండి. వైర్‌గార్డ్ ప్రైవేట్ కీ మాత్రం ఎక్కడా అతికించొద్దు.

తీగలాగితే:
వీపీఎన్ సంగతి మొదటే చెప్పాల్సింది. విండోస్‌లో మామూలు పింగ్ 32 బైట్లే పంపుతుంది. అది వచ్చినంత మాత్రాన పెద్ద పేకెట్లు (డేటా మూటలు) పోతున్నాయని కాదు. ముందు వీపీఎన్ ఆపి ఇది కొట్టండి:

పింగ్ -ఎఫ్ -ఎల్ 1472 1.1.1.1

-ఎఫ్ అంటే దారిలో ముక్కలు చేయొద్దని. 1472కి ఐపీ హెడర్ (పేకెట్ ముందుండే చిరునామా చీటీ) 20, ఐసీఎంపీ (పింగ్ వాడే సందేశాల పద్ధతి) హెడర్ 8 కలిపితే 1500. అది పోక 1464 పోతే మీ లైను ఎంటీయూ (ఒక్కసారికి పట్టే అతిపెద్ద పేకెట్) 1492, అంటే పీపీపీఓఈ (బ్రాడ్‌బ్యాండ్ లాగిన్ పద్ధతి, 8 బైట్లు తినేస్తుంది) అయ్యుంటుంది. హాట్‌స్పాట్‌లో పీపీపీఓఈ ఉండదు, తేడా అక్కడే ఉండొచ్చు.

తర్వాత వీపీఎన్ పెట్టి ఆఫీసు లోపలి సర్వర్‌కి 1392, 1380 వేయండి. 1.1.1.1కి కొడితే టన్నెల్‌లోంచి (వీపీఎన్ దారిలోంచి) పోకపోవచ్చు. ఆ సర్వర్ మామూలు పింగ్‌కి జవాబిస్తోందో లేదో ముందే చూసుకోండి. అడ్మిన్‌గా తెరిచిన తెరలో డబ్ల్యూజీ షో కొడితే ఎండ్‌పాయింట్ (వీపీఎన్ సర్వర్ అడ్రస్) చదరపు బ్రాకెట్లలో ఉందా, లేదా? అదీ చెప్పండి.

రెండోషిఫ్ట్:
ఇంత ఎందుకండీ, దారిలోని రూటర్లు చూపే ట్రేసర్ట్ -డి కొడితే చాలు. నక్షత్రాలు ఎక్కడ పడితే అక్కడే తెగినట్టు.

హాప్‌లెక్క:
కాదు. నక్షత్రం పడిందంటే ఆ రూటర్ మీకు జవాబివ్వలేదని, అంతే. దాని తర్వాతి హాప్‌లు (రూటర్లు) వస్తున్నాయంటే పేకెట్ దాటి పోతున్నట్టే. అసలు "సెక్యూరిటీ" అని ఐసీఎంపీ మొత్తం కట్టేసేవాళ్లతోనే వస్తోంది ఈ చిక్కంతా. ఐపీవీ6లో మధ్య రూటర్లు పేకెట్‌ని ముక్కలు చేయవు, "పేకెట్ టూ బిగ్" అని పంపినవాడికే చెప్తాయి. ఆ మాట ఐసీఎంపీవీ6లోనే వస్తుంది. దాన్ని ఆపితే పేకెట్ ఎందుకు పడిపోయిందో పంపినవాడికి తెలిసే దారే ఉండదు. ఆ ఒక్క రకాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకూడదు!

పడమటిగాలి:
వీపీఎన్ లేకుండా: 1472 పోలేదు, 1464 పోయింది. వీపీఎన్‌తో: 1392కి "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్", 1380 వస్తోంది. ఎండ్‌పాయింట్ బ్రాకెట్లలోనే ఉంది.

తీగలాగితే:
దొరికింది. బ్రాకెట్లంటే టన్నెల్ ఐపీవీ6 మీద పోతోంది. ఐపీవీ6 హెడర్ 40, యూడీపీ 8, వైర్‌గార్డ్‌ది 32, మొత్తం 80. వైఫై ఎంటీయూ 1500 కాబట్టి వైర్‌గార్డ్ 80 తీసి 1420 పెట్టుకుంది. నిండు పేకెట్ (మీ 1392కి 28 కలిపితే 1420) బయటికొచ్చేసరికి 1500, మీ లైను 1492. 8 బైట్ల దగ్గర వస్తోంది తంటా. యాప్‌లో ఎడిట్ నొక్కి ఇంటర్‌ఫేస్ భాగంలో ఎంటీయూ = 1412 అని ఒక వరుస చేర్చి, టన్నెల్ ఆపి మళ్లీ వేయండి. పడిందో లేదో ఇక్కడ తెలుస్తుంది:

నెట్‌ష్ ఇంటర్‌ఫేస్ ఐపీవీ4 షో సబ్‌ఇంటర్‌ఫేసెస్

రెండోషిఫ్ట్:
పీపీపీఓఈకి 1452 కదా? 1492 ఎక్కణ్ణుంచి వచ్చింది?

తీగలాగితే:
1452 ఎంఎస్‌ఎస్, అంటే టీసీపీ ఒక్క పేకెట్‌లో మోసే డేటా పరిమితి. 1492లోంచి ఐపీ, టీసీపీ హెడర్లు 40 తీస్తే వచ్చేది. రూటర్‌లో ఎంఎస్‌ఎస్ బిగించినా అది టీసీపీకే, టన్నెల్ యూడీపీ కాబట్టి దాన్ని ముట్టుకోదు.

రెండోషిఫ్ట్:
సరే, ఐపీవీ6 ఆపినా పనవుతుందిగా?

తీగలాగితే:
అవుతుంది. ఐపీవీ4లో హెడర్ 20 తగ్గుతుంది, మొత్తం 1480, పట్టేస్తుంది. కానీ కారణం అలాగే ఉండిపోతుంది.

పడమటిగాలి:
1412 పెట్టాను, వచ్చేస్తోంది. థాంక్సండీ.

హాప్‌లెక్క:
మీ రూటర్ ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీవీ6 ఆపి ఉందా, చూశారా?