సిట్రోయెన్ సీఎక్స్: వెనక సస్పెన్షన్ బిగుసుకుపోయింది, రెగ్యులేటర్ టిక్‌టిక్

ప్రశ్న: నాది 1985 సీఎక్స్ 25 కారు, స్ప్రింగుల బదులు ఆయిల్, గ్యాస్ ఒత్తిడితో పనిచేసే సస్పెన్షన్. గతుకుల్లో వెనక గట్టిగా కొడుతోంది. ఐడిల్‌లో రెగ్యులేటర్ (ఆయిల్ ప్రెషర్‌ని అదుపు చేసే భాగం) రెండు మూడు సెకన్లకోసారి టిక్కుమంటోంది. ఆయిల్ లెవెల్ సరిగ్గానే ఉంది. పంపు మార్చాలా?

జవాబు 1: పంపు జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు అక్యుములేటర్ స్ఫియర్ (ప్రెషర్ నిల్వ ఉంచే, గ్యాస్ నింపిన గోళం) అనుమానించాలి. కొత్తదాంట్లో నైట్రోజన్ సుమారు 62 బార్ ఉంటుంది. అది పోతే ప్రెషర్ నిల్వ ఉండదు, చుక్క ఆయిల్ వాడినా రెగ్యులేటర్ మళ్లీ పంపుని పనిలోకి దించుతుంది. స్టీరింగ్, బ్రేకు ముట్టకుండా వింటే బాగున్న కారులో అరనిమిషం దాకా గ్యాప్ వస్తుంది. వెనక గట్టిదనానికి కారణం వేరు: వెనక చక్రాల సస్పెన్షన్ స్ఫియర్లలో గ్యాస్ తగ్గింది. రెండూ కలిపే మార్చండి.

జవాబు 2: విప్పేముందు కారుని పైకి లేపి స్టాండ్లు పెట్టండి, ఇది తప్పనిసరి. తర్వాత హైట్ లీవర్ (కారు ఎత్తు మార్చేది) కిందికి దించి, ఇంజన్ ఆపి, రెగ్యులేటర్ మీది 12 మి.మీ. బ్లీడ్ స్క్రూ (ప్రెషర్ వదిలేసేది) ఒక చుట్టు వదులు చేయండి. పూర్తిగా ఊడదీయొద్దు. స్ట్రాప్ రెంచ్‌తో స్ఫియర్ తిప్పి, కొత్త సీలుకి ఎల్‌హెచ్‌ఎం (ఈ కారు హైడ్రాలిక్ ఆయిల్) రాసి, చేత్తోనే బిగించండి.

జవాబు 3: కొత్త స్ఫియర్ వేశాకా టిక్‌టిక్ తగ్గకపోతే లోపల లీకు ఉన్నట్టే. రిటర్న్ పైపులు ఒక్కొక్కటే విప్పి ఏది ఎక్కువ కారుతుందో చూడండి, హైట్ కరెక్టర్లతో (కారు ఎత్తు సరిచేసే వాల్వులు) మొదలుపెట్టండి. ఆకుపచ్చ ఎల్‌హెచ్‌ఎం తప్ప ఇంకేదీ పోయొద్దు. మామూలు బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయి.