కడుపుతో ఉన్న మనిషికి యాక్సిడెంట్ అయితే సీటీ స్కాన్ తీయించాలా, వద్దా?

నాగావళి గట్టు:
రెండు నెలల కిందట మా తమ్ముడూ మరదలూ బైక్ మీద రణస్థలం నుంచి శ్రీకాకుళం వస్తుంటే హైవే మీద వెనక నుంచి వ్యాన్ గుద్దింది. మరదలికి అప్పుడు ఏడో నెల. తమ్ముడికి గీరుకుపోయిన దెబ్బలే. మరదలు ఎడమ పక్కకి పడింది కానీ లేచి నడిచింది, మాట్లాడింది. ఆసుపత్రిలో పొట్టకి మామూలు స్కానింగ్ (అల్ట్రాసౌండ్) చేసి, లోపల ఏదో చేరినట్టుంది, సీటీ తీయాలన్నారు. మా అమ్మ ఒప్పుకోలేదు. "ఆ ఎక్స్‌రే కిరణాలు తగిలి బిడ్డ అవిటిగా పుడితే రేపు ఎవరు చూస్తారు?" అంది. నేనూ అమ్మ వైపే మాట్లాడాను. గంటన్నర అలాగే పోయింది. చివరికి మరదలే సంతకం పెట్టింది. ప్లీహం (పొట్టలో ఎడమ పక్కన ఉండే అవయవం) చిట్లి రక్తం కారుతోందట. ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. ఇప్పుడు తొమ్మిదో నెల, ఇద్దరూ బాగున్నారు. ఇంట్లో మాత్రం గొడవ ఆరలేదు. మేం అడ్డుపడడం తప్పేనా?

బొబ్బిలి కోట:
తప్పని నేననను. మా వదిన ఐదో నెలలో మెట్ల మీద జారితే చూసీచూడగానే సీటీ రాసేశారు. ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే చేత్తో నొక్కి చూసి, మామూలు స్కానింగ్ చేసి, ఒక రోజు ఉంచుకుని పంపించారు. ఎందుకు తీస్తున్నారని అడిగే హక్కు ఇంటివాళ్లకి ఉంది.

టెక్కలి సిస్టర్:
అడగడం వేరు, ఆపడం వేరు అన్నయ్యా. మీ వదినగారి కేసులో ఆ డాక్టరమ్మ చేసింది సరైన పనే. కానీ హైవే మీద వ్యాన్ గుద్దడం మెట్ల మీద జారడం లాంటిది కాదు.

నేను క్యాజువాల్టీలో నర్సుని. నాగావళి గారూ, మీ మరదలు నడిచింది కాబట్టి బాగుందనుకున్నారు. అక్కడే అందరూ మోసపోతారు. నెలలు నిండేకొద్దీ తల్లి ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. అందుకని లీటరుకి పైగా పోయినా బీపీ బాగానే కనపడొచ్చు. ఈలోపు శరీరం ముందుగా గర్భసంచికి వెళ్లే రక్తాన్నే తగ్గించేస్తుంది. తల్లి మాట్లాడుతూనే ఉంటుంది, లోపల బిడ్డ నలిగిపోతూ ఉంటుంది. బిడ్డని కాపాడాలంటే ముందు తల్లిని కాపాడాలి, ఇంకో దారి లేదు.

రేడియేషన్ సంగతి. బిడ్డకి చేరే మోతాదు 50 మిల్లీగ్రేల (రేడియేషన్‌ని కొలిచే లెక్క) లోపు ఉంటే అవకరాలు గానీ గర్భస్రావం గానీ పెరిగినట్టు తేలలేదు. పొట్టకీ నడుముకీ కలిపి సీటీ తీసినా సాధారణంగా 25 దరిదాపుల్లోనే ఉంటుంది. తల సీటీకి, ఛాతీ ఎక్స్‌రేకి అయితే ఒక మిల్లీగ్రేలో వందో వంతు కూడా చేరదు.

బొబ్బిలి కోట:
అంటే ఎన్నిసార్లు తీసినా ఫరవాలేదా?

టెక్కలి సిస్టర్:
లేదు. తర్వాత ఎప్పుడో క్యాన్సర్ వచ్చే ముప్పు కొద్దిగా పెరగొచ్చంటారు, అందుకే ఊరికే తీయకూడదు. కానీ లోపల రక్తం చేరినట్టు స్కానింగ్‌లో కనపడ్డాక గంటన్నర ఆపడం ఆ ముప్పు కన్నా ఎన్నో రెట్లు ప్రమాదం. ఇంకో మాట. చిన్న దెబ్బకి కూడా మాయ (బిడ్డకి తల్లి నుంచి ఆహారం, ఆక్సిజన్ అందించేది) గర్భసంచి నుంచి ఊడొచ్చు, బయటికి చుక్క రక్తం కనపడకుండానే. మామూలు స్కానింగ్‌లో అది చాలాసార్లు దొరకదు. అందుకే కనీసం 4 గంటలు బిడ్డ గుండె చప్పుడు, నొప్పులు చూస్తూ ఉండాలి. అనుమానం ఉంటే 24 గంటలు. ఏమీ లేదు కదా అని ఇంటికి తీసుకుపోవద్దు.

పలాస 108:
అంబులెన్సులో పనిచేసినవాడిగా ఒకటి చెబుతాను. ఐదో నెల దాటిన మనిషిని వెల్లకిలా పడుకోబెట్టకండి. గర్భసంచి బరువు పెద్ద సిర మీద పడి గుండెకి రక్తం తగ్గిపోతుంది. ఎడమ పక్కకి కాస్త ఒరిగించాలి. మెడకీ వెన్నుకీ దెబ్బ ఉందనిపిస్తే మనిషిని మెలితిప్పకుండా బోర్డుతో సహా ఒరిగించాలి. జనం ఆటోలో ముడిచి కూర్చోబెట్టి తెచ్చేస్తారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

రాజాం మాస్టారు:
పిల్లల విషయం కూడా చెప్పండమ్మా. మా ఆరేళ్ల మనవడు మావిడిచెట్టు మీంచి పడ్డాడు. తలకి సీటీ వద్దు, కొన్ని గంటలు చూద్దామన్నారు. మేం తీయమని పట్టుబట్టాం.

టెక్కలి సిస్టర్:
అక్కడ డాక్టరు మాటే సరైనది మాస్టారూ. పిల్లల ఒళ్లు రేడియేషన్‌ని మనంతగా తట్టుకోలేదు. తెలివి బాగుండి, వాంతులు లేకపోతే కనిపెట్టుకుని ఉండడం మంచి వైద్యమే. మగతగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా వెంటనే తీయాలి. పిల్లల పక్కటెముకలు వంగుతాయి, అంత తేలిగ్గా విరగవు. ఎముక బాగుందని ఊపిరితిత్తి బాగున్నట్టు కాదు. బీపీ కూడా ఆఖర్నే పడిపోతుంది. నాడి వేగంగా కొట్టుకోవడం, చేతులూ కాళ్లూ చల్లబడడం ముందు చూడాలి. ఒంటి మీద దుప్పటి తీయకండి, పిల్లలు తొందరగా చల్లబడిపోతారు.

నాగావళి గారూ, మీ మరదలి బ్లడ్ గ్రూపు ఏది? నెగటివ్ అయితే దెబ్బ తగిలిన 72 గంటల్లో యాంటీ-డి ఇంజెక్షన్ (బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిస్తే, తల్లి ఒళ్లు దాని మీద తిరగబడకుండా ఆపేది) పడి ఉండాలి.

నాగావళి గట్టు:
ఓ నెగటివ్ సిస్టర్. మీ మాట చదివి గుండె దడదడలాడింది. డిశ్చార్జి కాగితం వెతికి తీశాను. రెండో రోజు యాంటీ-డి ఇచ్చినట్టు రాసుంది. అమ్మకి మీరు రాసిందంతా చదివి వినిపించాను. ఏమీ అనలేదు. లేచి వెళ్లి మరదలి పక్కన కూర్చుంది.