రాముణ్ణి లెక్క అడిగాను, నమ్మకం పోయినట్టేనా?

కౌలురైతు:
మాది నేలకొండపల్లి దగ్గర పల్లె. రామదాసు పుట్టిన ఊరికి కూతవేటు దూరం. 2021లో మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాను. నల్ల తామర పురుగు పూతలో చేరింది. తెల్లవారి చూస్తే సాళ్ల నిండా రాలిన పూతే. పూతలో దాక్కున్న పురుగుకు మందు సరిగా తగలదు, అయినా కొడుతూనే ఉన్నాను.

అమ్మ రోజూ దీపం పెట్టి, రాముడే దారి చూపిస్తాడంటుంది. మొన్న పటం ముందు నిలబడి, కౌలు లక్ష, మందుల కొట్లో లక్షన్నర అని గట్టిగా చదివి, ఇందులో నీ వంతెంత అని అడిగేశాను. అమ్మ చెవులు మూసుకుంది. అప్పటి నుంచి నాకు చేతులు జోడించబుద్ధి కావడం లేదు. ఇది నమ్మకం పోవడమేనా?

విశ్రాంత పంతులు:
నాయనా, మీ వైపువాడు గోపన్న, అంటే ఆ రామదాసే, చేసిందీ అదే. పాల్వంచ తహసీల్దారుగా ఉండి, ఖజానా సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి, తానీషా కాలంలో గోల్కొండ చెరలో పడ్డాడు. పన్నెండేళ్లంటారు. సీతమ్మ చింతాకు పతకానికి పదివేలు పట్టాయని కీర్తనలో పద్దు చదివాడు. ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని రాముణ్ణే నిలదీశాడు. దెబ్బలకు ఓర్వలేక తిట్టానని చివర ఒప్పుకున్నాడనుకోండి. పరాయివాణ్ణి ఎవరూ అలా లెక్క అడగరు.

గోదావరి గట్టు:
పంతులుగారి మాట సగమే ఒప్పుకుంటాను. రామలక్ష్మణులే వచ్చి తానీషాకు బాకీ కట్టి వెళ్లారన్న కథ మందుల కొట్లో చెల్లదు. నాకు గజేంద్రుడే ఆదరువు. ఒంట్లో సత్తువ ఉన్నంతసేపూ మొసలితో పెనుగులాడి, ఆ తర్వాతే మొరపెట్టుకున్నాడు. ఆ మొరలోనూ, ఉన్నాడంటారే, అసలు ఉన్నాడో లేడో అన్న సందేహాన్ని పోతన దాచలేదు. మీరు ముందు కొట్టు యజమానిని కలిసి గడువు అడగండి. నేను మొహం చాటేసి వడ్డీ పెంచుకున్నాను.

కౌలురైతు:
అడిగాను. మొక్కజొన్న అమ్మేదాకా ఆగుతానన్నాడు. మిరప పీకేసి ఎకరన్నరలో అదే వేశాం. పంతులుగారు రాసింది అమ్మకు చదివి వినిపిస్తే, "ఆయన తిట్టినా పాడాడు. నీకు ఆ గొంతు కూడా లేదు కదరా" అంది. చాలా రోజులకు ఇద్దరం నవ్వుకున్నాం. నిన్న దీపంలో నూనె నేనే పోశాను. చేతులు మాత్రం ఇంకా జోడించలేదు.