అప్‌డేట్: పాస్‌వర్డ్ మారింది, అడ్డు షాడో ఫైల్ దగ్గరే

హనుమకొండలో మా కాలేజీ ల్యాబ్ లినక్స్ సర్వర్‌లో రూట్‌గా (అన్ని అధికారాలున్న అడ్మిన్ ఖాతాతో) ఉండి కూడా విద్యార్థుల పాస్‌వర్డ్‌లు మార్చలేకపోతున్నానని, ప్రతిసారీ ‘ఆథెంటికేషన్ టోకెన్ మానిప్యులేషన్ ఎర్రర్’ వస్తోందని అడిగాను కదా, అది తీరింది. అందరికీ థాంక్స్.

డిస్క్ నిండలేదు, పార్టిషన్ రీడ్-ఓన్లీ కాలేదు, పర్మిషన్లూ సరిగ్గానే ఉన్నాయి. వాటితోనే ఒక సాయంత్రమంతా పోయింది. ‘ఎల్ఎస్ఏటీటీఆర్ (ఫైళ్ల ప్రత్యేక గుర్తులు చూపే కమాండ్) కొట్టి చూడు తమ్మీ’ అని ఒక అన్న ఇచ్చిన సలహాయే పనిచేసింది. పాస్‌వర్డ్‌ల వివరాలు ఉండే /ఈటీసీ/షాడో ఫైల్ పేరు ముందు వరుస గీతల మధ్య ఒకే ఒక్క ‘ఐ’ అక్షరం! అంటే ఫైల్ ఇమ్యూటబుల్ (మార్చడానికి వీల్లేనిది), ఆ గుర్తు ఉన్నంత వరకు రూట్ కూడా మార్చలేడు. ఫైళ్ల జాబితా చూపే మామూలు ఎల్ఎస్ కమాండ్‌లో ఇది కనిపించదు. ‘సీహెచ్ఏటీటీఆర్ మైనస్ ఐ’ కమాండ్‌తో ఆ గుర్తు తీసేయగానే పాస్‌వర్డ్ మారింది.

సర్వర్‌లోకి చొరబడినవాళ్లు కూడా ఇలా పెడతారని చదివి టెన్షన్ పడ్డాను. పాత అడ్మిన్‌కు ఫోన్ చేస్తే, భద్రత కోసం తనే పెట్టానన్నారు.