పేరు వద్దన్నది నేనే, చదవకపోతే బాధపడిందీ నేనే. ఏం చేయాలి?

అడిగినవారు: తెనాలి వైండింగ్ షాపు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. నాకు 46 ఏళ్లు. తెనాలి దగ్గర మోటార్ వైండింగ్ షాపు పెట్టుకుని బతుకుతున్నాను. మా సంఘం పేరు ఇక్కడ రాయను, ఇందులో సంఘం తప్పేమీ లేదు.

మా గుడిలో ఫ్యాన్లన్నీ పాతవి. ప్రతి రెక్క మీదా ఎర్ర పెయింటుతో దాత పేరు, తండ్రి పేరు, ఊరు. పోయిన ఏడాది గుడ్ ఫ్రైడే రోజు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన పన్నెండింటి నుంచి మూడింటి దాకా జరిగింది. ముసలివాళ్లు పాటల పుస్తకాలతో విసురుకుంటూ కూర్చున్నారు. ఒకావిడ కళ్లు తిరిగి పడబోయింది. అది మనసులో పెట్టుకుని ఈ ఏడాది మట్టల ఆదివారానికి ముందే ఆరు ఫ్యాన్లు కొన్నాను, 48 అంగుళాలవి. శనివారం రాత్రి నేనూ మా అబ్బాయీ నిచ్చెన వేసుకుని బిగించాం. ఏం పేరు రాయించమంటారని మా పాస్టరు అయ్యగారు అడిగితే "వద్దండీ, దేవునికి తెలిస్తే చాలు" అన్నాను. అప్పుడు ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

ఈస్టరు ఆరాధనలో కానుకలిచ్చినవాళ్ల పేర్లు చదివారు. రంగులు వేయించినవాళ్లు, కర్టెన్లు ఇచ్చినవాళ్లు, బల్ల మీదికి గుడ్డ కుట్టిన చిన్నపిల్లతో సహా. ఫ్యాన్ల దగ్గరికి వచ్చేసరికి "ఒక సహోదరుడు" అని తర్వాతి పేరుకి వెళ్లిపోయారు. నా గుండెలో ఏదో కలుక్కుమంది. ఎవరైనా నా వైపు తిరుగుతారేమోనని చూశాను. ఎవరూ తిరగలేదు. ఆ తర్వాతి ప్రసంగంలో ఒక్క ముక్క చెవికెక్కలేదు.

ఇంటికొచ్చి ముభావంగా కూర్చుంటే మా ఆవిడ "పేరొద్దన్నది మీరే కదండీ" అంది. సమాధానం లేదు నా దగ్గర. ఆ బుధవారం ప్రార్థన కూడికకు వెళ్లలేదు. అంతకన్నా సిగ్గుపడే సంగతి ఒకటుంది. టీ కొట్టు దగ్గర మా సంఘం వాళ్లు కనిపిస్తే "గుడిలో గాలి బాగా వస్తోందా?" అని అడుగుతున్నాను. వస్తోందో లేదో నాకు తెలియక కాదు. "ఏం, నువ్వు గానీ ఇచ్చావా?" అని వాళ్లు అనాలి, నేను చిన్నగా నవ్వి ఊరుకోవాలి, అదీ నా ఆశ. అలా ముగ్గురికి తెలిసిపోయింది.

మనుషుల మెప్పు కోసం ఇచ్చినవాళ్లు తమ ఫలం అప్పటికే పొందేశారని మత్తయి ఆరో అధ్యాయంలో ఉంది కదా. నేనిచ్చింది వృథా అయినట్టేనా? ఆదివారం సంఘంలో లేచి ఒప్పుకోవాలా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

గుంటూరు మాస్టారు (రిటైర్డ్)

తమ్ముడూ, ముందుగా ఒకటి చెప్తాను. సంఘంలో లేవకండి. లేచి చెప్తే ఆ ఫ్యాన్లు ఎవరిచ్చారో తెలియనివాళ్లకు కూడా తెలుస్తుంది. మీ అయ్యగారికి మాత్రమే చెప్పండి, చెప్పి మోకరించండి.

కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదని కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. ఎడమచెయ్యి పక్కవాడిది కాదు, మనదే. ఊరికి తెలియకుండా ఇవ్వడం నేనూ చేశాను. నేను 19 ఏళ్లు మా సంఘానికి ట్రెజరర్ని. లెక్కలో పదో యాభయ్యో తగ్గితే నా జేబులోంచి వేసి సరిచేసేవాణ్ని, ఎవరికీ చెప్పేవాణ్ని కాదు. కానీ ఎంత వేశానో 19 ఏళ్ల మొత్తం నాకు కంఠతా వచ్చు! కొత్తాయన్ని ఎన్నుకున్న రోజు నాకు ఒక శాలువా కూడా కప్పలేదు. నాలుగు నెలలు వెనక బల్ల మీద కూర్చుని, ఆరాధన ముగియకముందే లేచి వచ్చేసేవాణ్ని.

ఆ కొత్తాయనకు పుస్తకం రాయడం రాదు. వెళ్లి నేర్పమని మా ఆవిడ పోరింది. మొదటి వారం పళ్లు బిగబట్టి వెళ్లాను. మనసు మెత్తబడ్డాక వెళ్దామని కూర్చుని ఉంటే ఇవాళ్టికీ వెళ్లేవాణ్ని కాదు. కుష్ఠు పోవాలంటే యొర్దాను నదిలో మునగమని ప్రవక్త చెబితే, సిరియా సేనాధిపతి నయమాను ఏడుసార్లు మునిగాడు. మొదటి మునక ఇష్టంగా మునిగి ఉంటాడని నేననుకోను. మా దమస్కు నదులు ఇంతకన్నా మంచివి కావా అని కోపంతో వెళ్లిపోతుంటే దాసులే కదా బతిమాలి దింపింది. మీ ఇంట్లో ఆ మాట అన్న మనిషి ఉంది, వినండి.

ఖమ్మం నుంచి ఒక నర్సు

అన్నయ్యా, మాస్టారు చెప్పింది నిజమే, కానీ ఇంకో వైపు కూడా చూడాలి. పేర్లు చదవడమే పాపం అన్నట్టు మాట్లాడతారు కొందరు. రోమా పత్రిక 16వ అధ్యాయం చూడండి. ఫీబే, ప్రిస్కిల్ల, అకుల, ఇంకా ఎందరివో పేర్లు పౌలు వరసగా రాయించాడు. ఆ పత్రికను చేత్తో రాసిన తెర్తియు కూడా మధ్యలో తన పేరు చెప్పుకుని వందనాలు చెప్పాడు. పదిమంది కుష్ఠరోగులు బాగుపడి ఒక్కడే తిరిగొస్తే, తొమ్మిదిమంది ఎక్కడ అని ప్రభువే అడిగాడు. కృతజ్ఞత కోరుకోవడం వేరు, అది అందకపోతే బుధవారం కూడిక మానేయడం వేరు.

మా అమ్మ ముప్పై ఏళ్లు గుడి ఊడ్చింది. ఏ ఈస్టరుకీ ఆమె పేరు చదవలేదు. కూలి పెంచమని ఒకసారి అడిగితే "తగ్గింపు నేర్చుకో అమ్మా" అన్నారు. ఫిలిప్పీ రెండో అధ్యాయంలో తన్ను తాను రిక్తునిగా, అంటే ఏమీ లేనివాడిగా, చేసుకున్నది దేవుని స్వరూపంలో ఉన్న క్రీస్తు. పైన ఉన్నవాడు దిగాడు. కింద ఉన్నవాళ్లను ఇంకా వంగమనడానికి ఆ వాక్యం వాడుతుంటే నాకు కడుపు మండుతుంది.

డోర్నకల్ మా రైలు దారిలోనే. అక్కడ 1912లో బిషప్పయిన అజరయ్యగారు, అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మిషనరీల ఎదుటే మాట్లాడారు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇప్పుడు మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నది ఆయన మాటల సారం. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు. ఇచ్చేవాడు పైన నిలబడే ఇస్తుంటే తీసుకునేవాళ్లకు ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. అందుకే అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు. మీ గుడి ఊడ్చే ఆవిడ ఆరాధనలో ఎక్కడ కూర్చుంటుంది?

సేవకుడు, నర్సరావుపేట వైపు

ముసలివాళ్లకు గాలి తగులుతోంది కదా బ్రదర్, అది వృథా ఎలా అవుతుంది? మీ అయ్యగారు మీ మాటే నిలబెట్టారు. ఆయన మీద లోపల ఏమైనా ఉంటే ముందు అది దించుకోండి. ఆ కాగితం పట్టుకుని చదివేటప్పుడు మాకెంత భయమో! ఒక్క పేరు జారితే ఆ ఇల్లు గుడికి రాదు.

తెనాలి వైండింగ్ షాపు

పది రోజుల తర్వాత రాస్తున్నాను. అయ్యగారింటికి వెళ్లి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ప్రార్థన చేశారు, అమ్మగారు మజ్జిగ ఇచ్చారు. బుధవారం కూడికకు వెళ్లాను.

చెల్లెమ్మా, మీరడిగింది మొన్న ఆదివారం చూశాను. ఆవిడ పడమటి తలుపు పక్కన చాప మీద కూర్చుంటుంది. ఆరు ఫ్యాన్లలో ఏ ఒక్కదాని గాలీ అక్కడికి రాదు. నాలుగు బల్లల మీదికి, రెండు వేదిక మీదికి బిగించాను. పోయిన ఏడాది కళ్లు తిరిగి పడబోయింది కూడా ఆవిడే. ఆవిడను చూసే కొన్నాను, నిచ్చెన ఎక్కాక ఆవిడ గుర్తే రాలేదు. ఆవిడ పేరు కూడా మొన్నే అడిగి తెలుసుకున్నాను.

అక్కడ స్లాబులో కొక్కెం లేదు, డ్రిల్ చేసి వేయాలి. శనివారం వెళ్తున్నాం నేనూ మా అబ్బాయీ. ఇవాళ టీ కొట్టు దగ్గర ఆ సంగతి నోటిదాకా వచ్చింది. గ్లాసు అక్కడ పెట్టి ఇంటికొచ్చేశాను.