కానాగంతలో ఆ నల్ల కండ ముందే ఎందుకు పాడవుద్ది?

హార్బర్ అబ్బాయి: వైజాగ్ హార్బర్‌లో కానాగంతలు, చందువాలు కలిపి కొని ఒకే బాక్సులో ఐసేసి పెడితే చందువా బానే ఉంటది గానీ కానాగంతల్లో పక్కన గీతలా ఉండే నల్ల కండ గోధుమ రంగుకి తిరిగి మక్కిన నూనె వాసనొస్తంది, దాని పక్కనే ఉన్న తెల్ల కండ మాత్రం పర్లేదు. ఒకే చేపలో ఇదేంటి? అది రక్తం, బాగా కడగాలి అంటది మా అత్త.

సముద్రం పిచ్చోడు: రక్తం కాదు బ్రో, ఎంత కడిగినా పోదు. అది ఎర్ర కండరం. కానాగంతలు, కవ్వళ్లు, ట్యూనా ఆగకుండా ఈదే రకాలు కదా, ఆ ఈతకి వాడే కండ అదే, ఆక్సిజన్ మీద నడుస్తది కాబట్టి మయోగ్లోబిన్ (కండలో ఆక్సిజన్ పట్టి ఉంచే ఎర్ర ప్రోటీన్), మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారుచేసేవి), కొవ్వు అన్నీ ఎక్కువ. తెల్లది ఒక్కసారిగా దూకడానికి, తప్పించుకోడానికి. చచ్చాక ఆ కొవ్వుకి మయోగ్లోబిన్‌లోని ఇనుము పక్కనే ఉంటది, ఇంకేముంది, త్వరగా మక్కుద్ది. మయోగ్లోబిన్ కూడా మెట్‌మయోగ్లోబిన్‌గా మారిపోద్ది, గోధుమ రంగు దాందే. జపాన్‌లో పచ్చిగా తినే ట్యూనాని మైనస్ 60 డిగ్రీల్లో దాచేది ఈ రంగు కోసమే, మైనస్ 18లో ఎక్కువ కాలం ఆగదు.

క్యూసీ గాడు: వాసన రాకముందే తేడా మొదలైపోద్ది. చచ్చాక ఏటీపీ, అంటే కండకి శక్తిచ్చే పదార్థం, విరిగి ఐఎంపీ అనే పదార్థం అవుద్ది, తాజా చేప రుచిలో పెద్ద వాటా దానిదే, తర్వాత ఇనోసిన్, ఆపైన హైపోజాంథిన్, అదేమో చేదు. ఏటీపీ, అది విరిగితే వచ్చేవి అన్నీ కలిపిన మొత్తంలో ఈ చివరి రెండూ ఎంత శాతమో అదే కె వాల్యూ, ఎంత పెరిగితే తాజాదనం అంత తగ్గినట్టు, 1959లో జపాన్ వాళ్లు పెట్టిన లెక్క. ఎర్ర కండలో ఇది తెల్లదాని కంటే స్పీడుగా పెరుగుద్ది, కాబట్టి శాంపిల్ ఎక్కడ కోశారో రాయకపోతే ఆ నంబర్‌కి అర్థం లేదు. అలాగని తెల్లగా ఉంటే నిలవుంటదని కాదండోయ్, కాడ్ చేప చూడ్డానికి తెల్లగానే ఉంటది, కె వాల్యూ మాత్రం పరిగెడతది.

హార్బర్ అబ్బాయి: అయితే ఆ గీత కోసి పారేస్తే సరిపోద్దా?

క్యూసీ గాడు: నీచు తగ్గుద్ది, అంతవరకే. కానాగంతకి అసలు భయం హిస్టమిన్, అంటే తింటే అలర్జీలా ఒంటికి పడని పదార్థం, అది బ్యాక్టీరియా చేసేది, తెల్ల కండలోనూ వస్తది, ఉడికించినా పోదు. ఎండలో పడున్న చేపకి గీత కోసి లాభం లేదు, పట్టిన వెంటనే ఐస్ పడిందో లేదో అడిగి కొను. నోట్లో పెట్టగానే మిరియంలా చురుక్కుమంటే మాత్రం ఊసెయ్.

సముద్రం పిచ్చోడు: ఇంకోటి, వలలో గిలగిలా కొట్టుకుని చచ్చిన చేపలో ఏటీపీ, గ్లైకోజెన్ (కండలో దాచుకున్న పిండిపదార్థం) ముందే ఖర్చైపోయుంటాయి, చచ్చాక ఒళ్లు బిర్రబిగుసుకోడం తొందరగా వచ్చి తొందరగా పోద్ది. అత్తకి ఇదంతా చెప్పకు, కూర చెయ్యడం మానేస్తది 😂