వ్యాసానికి రెండు రూపాయలు: ఎవరైనా కడతారా?

బురుజు పక్కన (కర్నూలు)
నెట్‌లో వ్యాసాలు చదవడానికి నెల చందా వద్దు, చదివిన వ్యాసానికి రూపాయో రెండో కడితే చాలు అనే మాట మళ్లీ వినిపిస్తోంది. ఇది నడవదని నా వాదన. డబ్బు లేక కాదు. మొన్న నంద్యాల పోతుంటే కండక్టర్ చిల్లర లేదని టికెట్టు వెనక 2 అని రాసిచ్చినాడు. ఓర్వకల్లు దాటింది, పాణ్యం వచ్చింది, టికెట్టు మాత్రం పిడికిట్లోనే ఉంది, దిగేటప్పుడు అడగాలా వదిలేయాలా, అడిగితే పక్కనోళ్లు ఏమనుకుంటారో అని దారి పొడవునా అదే టెన్షన్. ప్రతి వ్యాసానికీ 'దీనికి పెట్టొచ్చా' అని ఇట్లే లెక్కేసుకుంటూ కూర్చోవాలంటే ఎవరి వల్ల అవుతుంది? నిక్ సాబో అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1990లలోనే చెప్పినాడు, డబ్బు పంపే ఖర్చును కంప్యూటర్లు ఎంతైనా తగ్గిస్తాయి గానీ కట్టాలా వద్దా అని మనిషి తేల్చుకునే శ్రమను తగ్గించలేవని.

ఓళిగ ప్రియుడు (అనంతపురం)
ఏంప్పా, రావాల్సిన చిల్లరకీ కట్టాల్సిన చిల్లరకీ పోలికేంది? మా వీధి అంగట్లో రూపాయి షాంపూ ప్యాకెట్లు తోరణాల మాదిరి వేలాడుతుంటాయి, వాటి ముందు నిలబడి ఆలోచించేవాణ్ని ఒక్కణ్ని చూపించు. సీసా కొనలేనోళ్లకు అదే దారి, చందా కట్టలేనోళ్లకు ఇదీ అంతే. పైగా 2022లో యూపీఐ లైట్ వచ్చింది, యాప్‌లో ముందే కొంత డబ్బు లోడ్ చేసిపెట్టుకుంటే చిన్న మొత్తాలకు పిన్ కూడా అక్కర్లేదు, బ్యాంకు పాస్‌బుక్‌లో లోడ్ చేసినప్పటి ఎంట్రీ ఒక్కటే పడుతుంది. ఇంకేం టెన్షన్?

బురుజు పక్కన
పిన్ కొట్టే పని తప్పింది, ఒప్పుకుంటా అన్నా. నేను మాట్లాడేది వేళ్ల శ్రమ గురించి కాదు. షాంపూ ప్యాకెట్టు నిన్నటిదీ ఈరోజుదీ ఒకటే. టీ కొట్టులో పది రూపాయలు స్కాన్ చేసేటప్పుడు నేనూ ఆలోచించను, ఆ రుచి నాకు తెలుసు కాబట్టి. వ్యాసం అట్ల కాదే, బయట పెద్ద హెడ్డింగు, డబ్బు కట్టి లోపలికి పోతే నాలుగు ముక్కలు, ఒక ఫొటో. ఒక్కసారి అట్లయితే చాలు, ఆ తర్వాత ప్రతిదాని మీదా అనుమానమే.
ఇంకోటి. కాల్‌కు ఇంత అని తెగే రోజుల్లో మా ఇంట్లో మిస్డ్ కాల్‌కు ఒక భాషే ఉండేది, ఒక రింగైతే బస్సెక్కినట్టు, రెండైతే దిగినట్టు. రూపాయి మిగిలేది, నిజమే, కానీ ఫోన్ తీయాలా వద్దా అని రింగులు లెక్కపెడుతూ మా అమ్మ పొయ్యి మీద పాలు ఎన్నిసార్లు పొంగించిందో! 2016లో జియో వచ్చినాక ఆ భాష మాకే గుర్తు లేదు. ఇప్పుడు ఒకేసారి ఎక్కువే కడుతున్నాం, అయినా హాయిగా ఉంది.

కారం దోశ (కడప)
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దండి. మా ఊర్లో దోశ తిని చేయి కడుక్కున్నాకే డబ్బులిస్తాం. వ్యాసానికి మాత్రం ముందే ఎందుకివ్వాలి? వంద రూపాయలు ఖాతాలో వేసిపెడతా, చదివినాక బాగుంటే కోసుకోమనండి.

ఓళిగ ప్రియుడు
చదివేసినాక బాగుందని నువ్వు చెప్తావా స్వామీ? దోశ కాడైతే ఓనరు ఎదురుగా కూర్చోనుంటాడు!
కర్నూలాయనా, ఇంతకీ ఆ రెండు రూపాయలు ఇచ్చినాడా?

బురుజు పక్కన
లేదన్నా, నేనే అడగలేదు. టికెట్టు ఇంకా జేబులోనే ఉంది.